టిక్కీ, చపేడ్ షాట్, సజా దా డబ్బా: పంజాబీలో ఐస్ హాకీ చూస్తే

ముందే చెప్తున్నా, నాకు ఐస్ హాకీ ఓనమాలు తెలీవు, పంజాబీ కూడా అంతంత మాత్రమే. కెనడాలోని బ్రాంప్టన్‌లో ఓ పంజాబీ వాళ్ళింట్లో బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. ఓ శనివారం రాత్రి పైనుంచి ఒకటే అరుపులు, ఏం కొంప మునిగిందోనని వెళ్తే ఓనర్ వాళ్ళమ్మ, అందరూ బీజీ అంటారు, శాలువా కప్పుకుని హాకీ చూస్తున్నారు, అదీ పంజాబీలో! "ఆజా పుత్తర్" అని పక్కన కూర్చోబెట్టుకున్నారు. అంతే, అప్పట్నుంచి నా శనివారాలు అక్కడే.

ప్రోగ్రామ్ పేరు హాకీ నైట్ ఇన్ కెనడా పంజాబీ, ఓమ్ని చానెల్లో వస్తుంది. మ్యాచ్ అందరూ చూసేదే, మాటలే వేరు. పక్‌ని, అంటే బంతి బదులు ఆడే గుండ్రటి రబ్బరు బిళ్ళని, టిక్కీ అంటారు, అవును, ఆలూ టిక్కీలో టిక్కీయే. కర్ర ఎత్తి గట్టిగా కొట్టే స్లాప్ షాట్ వచ్చి చపేడ్ షాట్, అంటే చెంపదెబ్బ. పెనాల్టీ పడ్డవాణ్ణి కూర్చోబెట్టేది సజా దా డబ్బా, అంటే శిక్ష డబ్బా. మనవాళ్ళు చేసుంటే పక్‌ని బిళ్ళ అనేవాళ్ళేమో, కర్రాబిళ్ళ ఆడినోడికి ఇంకేం వివరించక్కర్లేదు. మధ్యలో ఇంగ్లీషు దొర్లుతుంది గానీ నాకది తప్పనిపించలేదు, మంచు మీద గీసిన బ్లూ లైన్‌ని బ్లూ లైన్ అనక ఏమంటారు?

దీనికి పేరు తెచ్చింది కామెంటేటర్ హర్‌నారాయణ్ సింగ్. ఐస్ హాకీలో పెద్ద కప్పు స్టాన్లీ కప్, దాని 2016 ఫైనల్ మొదటి మ్యాచ్‌లో పిట్స్‌బర్గ్ ఆటగాడు నిక్ బొనీనో గెలుపు గోల్ కొడితే, ఈయన ఊపిరి తీసుకోకుండా "బొనీనో బొనీనో బొనీనో" అంటూ అరిచిన క్లిప్ వైరలైంది. కప్పు గెలిచాక ఆ టీమ్ ఈ పంజాబీ కామెంటరీ వాళ్ళని సంబరాలకి పిలిపించుకుంది కూడా.

నాకు నచ్చనిది ఒక్కటే. 2008లో ఇది మొదలైంది సీబీసీలో, అంటే జనం పన్నులతో నడిచే చానెల్లో. 2014లో మ్యాచ్ హక్కులు రోజర్స్ అనే ప్రైవేటు కంపెనీకి పోయాక ఇదీ వాళ్ళ ఓమ్నికి మారింది. హక్కులే లేనప్పుడు సీబీసీ మాత్రం ఏం చేస్తుంది అంటారా, సరే. కానీ 2021 జనాభా లెక్కల్లో 5 లక్షల మందికి పైగా ఇంట్లో ఎక్కువగా పంజాబీయే మాట్లాడతామని రాయించుకున్న దేశం ఇది, అలాంటి భాషకి సర్కారు చానెల్లో శనివారం రాత్రి దొరికిన చోటు మళ్ళీ రావడం తేలికా? ప్రైవేటు వాళ్ళకైతే యాడ్స్ వస్తేనే భాష మీద ప్రేమ.

బీజీ మనవడికి ఎనిమిదేళ్ళు. ఆవిడ పంజాబీలో అడిగితే వాడు ఇంగ్లీషులోనే జవాబిస్తాడు, అదీ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. మొన్న రెఫరీ ఒకణ్ణి బయటికి పంపగానే వీడు సోఫా మీద గెంతుతూ "సజా దా డబ్బా!" అని అరిచాడు. బీజీ నవ్వాపుకోలేక చేతిలో చాయ్ శాలువా మీద ఒలకబోసుకున్నారు.

5కి నాలుగున్నర ఇస్తా. ఆ అర మార్కు కోత మా కేబుల్ వాళ్ళకి, సరిగ్గా గోల్ పడే టైంకే బొమ్మ ఆగిపోతుంది.