పది తర్వాత ఐటీఐనా, పాలిటెక్నిక్కా?

ఇంట్లోకి డబ్బు త్వరగా రావాలంటే ఐటీఐ. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ అయితే రెండేళ్లు, ఎంట్రన్స్ గోల లేదు, పదో తరగతి మార్కులతోనే సీటు. తర్వాత ఏ ఫ్యాక్టరీలోనో అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ వస్తూనే పని వంటబడుతుంది, రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కీ అప్లై చేయొచ్చు.

పాలిటెక్నిక్‌కి పాలిసెట్ రాయాలి, మూడేళ్లు చదవాలి, లెక్కలంటే భయమున్నవాడికి మొదటి ఏడాదే చుక్కలు కనిపిస్తాయి. కానీ రైల్వే జూనియర్ ఇంజనీర్ పోస్టుకి ఐటీఐ సరిపోదు, పాలిటెక్నిక్‌లో వచ్చే డిప్లొమా కావాలి; ఈసెట్ రాస్తే బీటెక్ నేరుగా రెండో ఏడాదిలోకి.

మూడేళ్లు ఇల్లు గడిచే వీలుంటే నేనైతే పాలిటెక్నిక్కే అంటాను. (బంధువుల సంగతి వదిలేయండి, వాళ్లకి ఎంపీసీ తప్ప ఇంకేదీ చదువు కాదు.) ఐటీఐ చేసినవాళ్లకీ దారి మూసుకుపోదు, మంచి మార్కులుంటే తెలంగాణలో ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు.