జేసీఎల్‌లో మూకుమ్మడి మార్పులు: 71వ కాలమ్ దగ్గర ఏ పనిముట్టు నిలబడుతుంది

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో ఏ జాబ్ ఏ ప్రోగ్రామ్‌ని, ఏ ఫైళ్ళతో నడపాలో చెప్పే ఆదేశాల భాష జేసీఎల్. డేటాసెట్ల (అక్కడి ఫైళ్ళ) పేరులో మొదటి క్వాలిఫయర్ (చుక్కలతో విడదీసిన ముక్క) మారుతుంది, లేదా డీబీ2 (డేటాబేస్) సబ్‌సిస్టమ్ పేరు మారుతుంది, లేదా కొత్త లోడ్ లైబ్రరీ (నడిచే ప్రోగ్రాములుండే చోటు) వస్తుంది. రెండు వేల మెంబర్లున్న (ఒక్కో మెంబర్ ఒక విడి ఫైలు లాంటిది) జేసీఎల్ లైబ్రరీలో ఆ ఒక్క మాటనీ అన్నిచోట్లా మార్చాలి. వెతికి మార్చడం ఏ పనిముట్టయినా చేసేస్తుంది. వాటి అసలు రంగు బయటపడేది కొత్త మాట పాతదానికన్నా పొడుగైనప్పుడు.

జేసీఎల్ రికార్డు 80 బైట్లు. ఆపరాండ్లు (ఆదేశానికి ఇచ్చే విలువలు) 71వ కాలమ్ లోపే ముగియాలి. 72 కంటిన్యుయేషన్ (తర్వాతి లైనుకి సాగింపు) గుర్తుకి, 73 నుంచి 80 దాకా సీక్వెన్స్ నంబర్లకి. నాలుగక్షరాల క్వాలిఫయర్ తీసి ఎనిమిది అక్షరాలది పెడితే, 69లో ముగిసే లైను 73కి చేరుతుంది. డీడీ స్టేట్‌మెంట్ (జాబ్‌కి ఫైలుని చూపే లైను) అయితే చాలాసార్లు జేసీఎల్ ఎర్రర్ వచ్చి ఆగుతుంది, అది మేలే. అదే ఇన్‌స్ట్రీమ్ కార్డులో (జేసీఎల్ మధ్యలోనే ప్రోగ్రామ్‌కి ఇచ్చే డేటా లైనులో) జరిగితే జేసీఎల్‌ని చదివే కన్వర్టర్‌కి అది ఉత్త డేటా. నోరెత్తదు. అందుకే ఈ సమీక్షలో ప్రతి పనిముట్టునూ ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: చోటు చాలనప్పుడు ఏం చేస్తావు?

మొదటి స్థానం ఐఎస్‌పీఎఫ్ (మెయిన్‌ఫ్రేమ్‌లోని ఎడిటర్, మెనూల వాతావరణం) ఎడిట్ మాక్రోది. విడిగా కొనక్కర్లేదు, పైగా చోటు చాలనప్పుడు నిజాయితీగా చెబుతుంది. పనికి రెండు ముక్కలు కావాలి. ఒకటి లైబ్రరీ అంతా తిరిగే రెక్స్ ఎగ్జిక్ (రెక్స్ భాషలో స్క్రిప్టు): లైబ్రరీని పట్టుకునే ఎల్ఎంఇనిట్, తెరిచే ఎల్ఎంఓపెన్, ఆపైన మెంబర్ల పేర్లు ఒక్కొక్కటే ఇచ్చే ఎల్ఎంఎంలిస్ట్ లూప్ (రిటర్న్ కోడ్ 8 వస్తే జాబితా అయిపోయినట్టు), ప్రతి మెంబర్ మీదా ఎడిట్ సర్వీస్. రెండోది ఆ ఎడిట్‌కి ఇచ్చే మాక్రో, అసలు మార్పు చేసేది. మాక్రో మొదట్లోనే బౌండ్స్ 1 71 (మార్పుకి కాలమ్ హద్దులు), నంబర్ ఆఫ్ (సీక్వెన్స్ నంబర్లు వేయొద్దు), కేప్స్ ఆఫ్ (పెద్దక్షరాలుగా మార్చొద్దు) అని రాసి తీరాలి. ఎడిట్ ప్రొఫైల్ (ఎడిటర్ దాచుకునే సెట్టింగులు) డేటాసెట్ పేరులోని చివరి క్వాలిఫయర్‌ని బట్టి వస్తుంది, మనిషి మనిషికీ వేరుగా ఉంటుంది. బ్యాచ్‌లో నడిపితే మన సెట్టింగులేవీ లేని కొత్త ప్రొఫైల్ రావచ్చు. నంబర్ ఆన్‌లో ఉన్నా మామూలు హద్దు 72 దాకా పోతుంది, కాబట్టి ఆ 71ని మనమే పెట్టుకోవాలి.

హద్దు ఉన్నప్పుడు చేంజ్ ఆల్ (అన్నిచోట్లా మార్చే ఆదేశం) తీరు బాగుంటుంది. కొత్త మాట పొడుగైతే ముందు పక్కనున్న ఖాళీలను మింగుతుంది. అప్పటికీ చాలకపోతే ఆ లైను ముట్టుకోకుండా ఎర్రర్ గుర్తు వేసి, రిటర్న్ కోడ్ 8 ఇస్తుంది. 4 అంటే మాట దొరకలేదని, 0 అంటే అంతా మారిందని. వెంటనే చేంజ్ కౌంట్స్ అడిగితే ఎన్ని మారాయో, ఎన్ని మారలేదో రెండు అంకెలు చేతికొస్తాయి. ఎర్రర్ అంకె సున్నా కాకపోతే ఆ మెంబర్‌ని కేన్సిల్ చేసి పేరు నివేదికలో రాయించండి. సగం మారిన మెంబర్ అసలు మారనిదానికన్నా ప్రమాదం. మార్పు సున్నా అయినా కేన్సిలే. ఊరికే సేవ్ కొడితే ఏమీ మారని మెంబర్‌కి కూడా కొత్త తేదీ, కొత్త యూజర్ ఐడీ పడతాయి. రేపు ఎవరు ఏం మార్చారో వెతికేవాళ్ళకి ఆ జాడ పనికిరాకుండా పోతుంది.

ఎడిట్ సర్వీస్ 14 ఇస్తే ఆ మెంబర్ ఇంకెవరో తెరుచుకుని ఉన్నారని అర్థం. చాలా ఎగ్జిక్‌లు దీన్ని చూడకుండా తర్వాతి మెంబర్‌కి వెళ్ళిపోతాయి. అలా మిగిలిపోయిన ఒక్క మెంబరే నెలాఖరు జాబ్‌లో పాత పేరుతో తేలుతుంది.

ఈ చేంజ్‌కి లోపాలు లేకపోలేదు. ఖాళీలు మింగే గుణం డీడీ లైన్లకు వరం, కాలమ్ లెక్కన చదివే పారామీటర్ కార్డులకు శాపం. 10వ కాలమ్‌లో మాట మారితే దాన్ని ఆనుకుని ఉన్నదంతా పక్కకి జరుగుతుంది, 20వ కాలమ్‌లో ఉండాల్సిన విలువ 24లో పడొచ్చు. అందుకని మాక్రోలో ముందు అన్ని లైన్లనీ ఎక్స్‌క్లూడ్ చేసి (దాచి), // తో మొదలయ్యేవి మాత్రం బయటికి తెచ్చి, ఎన్‌ఎక్స్ (ఎక్స్‌క్లూడ్ కాని) లైన్ల మీదే చేంజ్ నడపండి. ఇన్‌స్ట్రీమ్ కార్డులను వేరే విడతలో, కళ్ళతో చూసి మార్చడం ఉత్తమం.

ఇక మాటని ఎలా ఇవ్వాలన్నది. 'ప్రాడ్.పే' అని ఇస్తే 'ప్రాడ్.పేరోల్' కూడా తగులుతుంది. సరే, వర్డ్ (పూర్తి మాటగా ఉంటేనే) అని జోడిస్తే? చుక్క కూడా మాటకి హద్దే కాబట్టి ఒట్టి 'పే' ఏ రెండు చుక్కల మధ్య ఉన్నా దొరికేస్తుంది. పూర్తి క్వాలిఫయర్ వరసనీ ఇచ్చి, చివర చుక్కతో ఒకసారి, కామాతో ఒకసారి, జీడీజీ (ఒకే పేరుతో తరాలుగా ఉండే ఫైళ్ళు) కోసం ఎడమ బ్రాకెట్‌తో ఒకసారి, ఖాళీతో ఒకసారి, ఇలా విడివిడిగా నడపడమే నమ్మకమైన దారి. మామూలు కొటేషన్లలో ఇచ్చిన మాటకి చిన్నా పెద్దా అక్షరాల తేడా ఉండదు; యూనిక్స్ పాత్‌లు ఉన్న లైబ్రరీలో ముందు సీ అక్షరం పెట్టి కచ్చితమైన రూపం అడగాలి.

పేర్లు బాగా పొడుగయ్యే పని అయితే ఐబీఎం ఫైల్ మేనేజర్‌కి డబ్బు పెట్టడం తగినదే. దాని మెనూలో 3.11 కింద ఉన్న ఫైండ్/చేంజ్ యుటిలిటీ, బ్యాచ్‌లో ఎఫ్‌సీహెచ్ ఫంక్షన్, ఒక్క ఆదేశంతో లైబ్రరీ అంతా తిరుగుతుంది. దీని విలువంతా జేసీఎల్ సోర్స్ అనే ఆప్షన్‌లో ఉంది. అది ఎంచుకుంటే పొడుగైన లైనుని వ్యాకరణం చెడకుండా కంటిన్యుయేషన్ లైనుగా విడగొట్టే ప్రయత్నం చేస్తుంది. ఎడిట్ మాక్రో వదిలేసిన లైన్లు వందల్లో ఉన్నప్పుడు, చేత్తో విడగొట్టే శ్రమ ఇక్కడ తప్పుతుంది. ఆ ఆప్షన్ ఎంచుకోవడం మరిచిపోతే మాత్రం ఇదీ మామూలు మార్పిడి యంత్రమే.

ఫైల్-ఎయిడ్ (ఇదీ అలాంటి ఫైలు పనిముట్టే) ఉన్నచోట దాని బ్యాచ్ భాగం షరతుల విషయంలో బలమైనది. మూడో కాలమ్‌లో నక్షత్రం లేని రికార్డులే తీసుకో అని ఇఫ్ షరతు పెడితే కామెంట్ లైన్లు పక్కకి పోతాయి. పాతా కొత్తా ఒకే పొడవైతే రెప్లాల్ ఆదేశం చాలు, ఉన్నచోటే రాస్తుంది. పొడవు మారితే ఎడిటాల్ కావాలి. అప్పుడు కాపీ లైబ్రరీ మీద నడిపి, 71 దాటిన లైన్లు చూసుకున్నాకే అసలుదాన్ని ముట్టుకోవాలి.

ఒకే పొడవు మార్పులకి ఐపీఓయూపీడీటీఈ లాంటి పాత యుటిలిటీలు ఇప్పటికీ వేగంలో ముందుంటాయి. పార్మ్‌లో (ప్రోగ్రామ్‌కి ఇచ్చే పారామీటర్‌లో) చెక్ ఇస్తే ఏం మారబోతోందో చూపిస్తుంది, అప్‌డేట్ ఇస్తే మారుస్తుంది. డైరెక్టరీలోని గణాంకాలు మారవు, అంటే మార్పు జరిగినట్టు మెంబర్ మీద గుర్తు మిగలదు. ఆడిట్ ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు.

డీఎఫ్‌సార్ట్‌ (ఐబీఎం సార్ట్ ప్రోగ్రామ్)లోని ఫైండ్‌రెప్‌ని ఈ పనికి సిఫారసు చేయలేం. పొడవు మారితే మామూలుగా మిగతా బైట్లన్నిటినీ జరుపుతుంది, సీక్వెన్స్ నంబర్లతో సహా. పైగా అది వరస ఫైళ్ళ పనిముట్టు: లైబ్రరీని ఒకే ఫైలుగా పరిచి, మార్చి, ఐఈబీయూపీడీటీఈ యుటిలిటీతో మళ్ళీ మెంబర్లుగా విడగొట్టాలి. ఏదైనా మెంబర్‌లో లోపలే ./ తో మొదలయ్యే కార్డులుంటే, ఐఈబీయూపీడీటీఈ వాటిని తన ఆదేశాలే అనుకుని మెంబర్‌ని అక్కడే తెంచేస్తుంది. మెంబర్ల గణాంకాలూ పోతాయి.

జోవీ సీఎల్ఐ (మన కంప్యూటర్ నుంచే మెయిన్‌ఫ్రేమ్‌తో పనిచేయించే కమాండ్ లైన్ పనిముట్టు) దారి వేరు. మెంబర్లన్నీ దింపుకుని, గిట్‌లో (వెర్షన్లు దాచే పనిముట్టులో) పెట్టి, సెడ్‌తో (వెతికి మార్చే యూనిక్స్ ఆదేశంతో) మార్చి, తేడా చూసుకుని, మళ్ళీ ఎక్కించడం. మార్పుని నలుగురూ కలిసి సమీక్షించాలంటే దీన్ని మించింది లేదు. కానీ సెడ్‌కి 71 అంటే ఏమిటో తెలియదు. దింపగానే 73-80 భాగం ఏముందో చూసి పక్కన పెట్టాలి, మార్చాక 71 దాటిన ప్రతి లైనునీ ఆక్ స్క్రిప్టుతో పట్టుకోవాలి. కోడ్‌పేజీ (అక్షరాల సంకేత పట్టిక) సరిపోలకపోతే డాలర్, హాష్, ఎట్ గుర్తులు చెడిపోతాయి. ఆ మూడూ డేటాసెట్ పేర్లలో చెల్లే అక్షరాలే.

ఏది వాడినా దొరకనివి కొన్ని ఉంటాయి. పేరు మొదట్లో సింబాలిక్ (వేరేచోట విలువ ఇచ్చే మారు పేరు) ఉంటే మీరు వెతికే మాట అక్కడ ఉండదు. సెట్ స్టేట్‌మెంట్‌లోనో, ప్రాక్ (పదే పదే వాడే జేసీఎల్ ముక్క) మొదట్లోని డిఫాల్ట్‌లోనో, ఇన్‌క్లూడ్ మెంబర్‌లోనో ఉంటుంది. కాబట్టి ప్రాక్ లైబ్రరీలు, కంట్రోల్ కార్డుల లైబ్రరీలు కూడా అదే విడతలో చేరాలి. కొటేషన్లలోని పార్మ్ 71లో తెగి తర్వాతి లైనులో 16వ కాలమ్ నుంచి సాగితే, మాట రెండు ముక్కలై వెతుకులాటకి చిక్కదు. 42 అక్షరాల డేటాసెట్ పేరు 46 అయితే లైన్లో చోటున్నా 44 పరిమితి దాటుతుంది.

నడిపే ముందు ఐఈబీకాపీ యుటిలిటీతో వేరే లైబ్రరీకి బ్యాకప్, ఆ తర్వాతే కంప్రెస్ (వృథా అయిన చోటుని తిరిగి రాబట్టడం). పీడీఎస్‌లో (పాత రకం లైబ్రరీలో) ప్రతి సేవ్ కొత్త చోట రాసి పాత చోటుని వృథా చేస్తుంది. వెయ్యి మెంబర్లు సేవ్ చేసేసరికి ఈ37 (చోటు అయిపోయిందనే ఎర్రర్) వచ్చి సగంలో ఆగడం మామూలే. ఖాళీ లేకపోతే కంప్రెస్ ఒక్కటీ చాలదు, పెద్ద లైబ్రరీ కేటాయించుకోవాలి. పీడీఎస్‌ఈలో (కొత్త రకం లైబ్రరీలో) ఈ బాధ లేదు. వెర్షన్ 2 పీడీఎస్‌ఈకి మాక్స్‌జెన్స్ (ఎన్ని పాత తరాలు దాచాలో) పెట్టి ఉంటే మెంబర్ పాత తరం కూడా దొరుకుతుంది.

నడిపాక చేసే టైప్‌రన్ స్కాన్ (జాబ్‌ని నడపకుండా జేసీఎల్‌ని పరిశీలించడం) వ్యాకరణం వరకే చూస్తుంది. డేటాసెట్ ఉందో లేదో, ఇన్‌స్ట్రీమ్ కార్డు సరైందో కాదో చూడదు. అసలైన పరీక్ష బ్యాకప్‌కీ కొత్తదానికీ సూపర్‌సీ (ఫైళ్ళను పోల్చే ఐఎస్‌పీఎఫ్ యుటిలిటీ) పోలిక. 80 బైట్ల ఫైళ్ళకి సూపర్‌సీ మామూలుగా 73-80ని వదిలేస్తుంది కాబట్టి నోసెక్ (ఆ కాలమ్‌లనూ పోల్చమనే ఆప్షన్) తప్పక ఇవ్వండి, లేకపోతే జరిగిపోయిన సీక్వెన్స్ నంబర్లు కనబడవు. మాక్రో ఇచ్చిన అంకె మాటలది, సూపర్‌సీ చూపేది లైన్లది. ఒకే లైనులో రెండుసార్లు మారినవి ఉంటే ఆ రెండు అంకెలు కలవవు. తేడా ఎంతో ఆ లైన్లను లెక్కపెట్టి సరిపోల్చాకే జాబ్‌లను విడుదల చేయాలి.