ఎత్తి రాయడమా, మాటలు మార్చడమా, పుస్తకం మూసి రాయడమా: థీసిస్‌కి ఏది మేలు?

శ్రీకాకుళంలో మా ఇంటికి థీసిస్ కాగితాలు పట్టుకుని వచ్చే పిల్లలు ముందుగా అడిగేది ఒకటే: "మేస్టారూ, పర్సంటేజీ తగ్గాలంటే ఏటి చెయ్యాలి?" ఆ మధ్య ఒకమ్మాయి పొందూరు ఖద్దరు మీద రాసిన అధ్యాయం తెచ్చింది. వేరే రచనలతో కలిసిన మాటలకి రంగు వేసి, అవి ఎంత శాతమో చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంటుంది కదా, దాని రిపోర్టులో పేజీ పేజీకీ రంగులే. పిల్ల ముఖంలో టెన్షన్ చూస్తే జాలేసింది. "అన్ని మాటలూ మార్చేశాను కదా మేస్టారూ, ఇంకేటి తప్పు?" అంది. కాపీ కొట్టాలన్న బుద్ధి ఆ పిల్లకు లేదు. మాటలు మారిస్తే చాలని ఎవరో చెప్పారు, నమ్మింది.

ఆ అధ్యాయంలోంచి ఒక్క వాక్యం తీసుకుందాం. ఆమె చదివిన పుస్తకంలో దాదాపు ఇలా ఉంది: "పొందూరులో పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడను వాడతారు, ఆ సన్నని పళ్లతో దువ్వితే నలకలు పోయి, పోగులు తిన్నగా సర్దుకుంటాయి."

ఆమె రాసింది ఇది: "పొందూరులో దూదిని శుద్ధి చేయుటకు వాలుగ మీను దవడను ఉపయోగిస్తారు, ఆ పలుచని దంతాలతో దువ్వినచో చెత్త తొలగి, దారాలు సక్రమంగా అమరుతాయి."

మాటలు చాలావరకు మారాయి. వాక్యం ఎముకలు మాత్రం అవే. ఆ ఆలోచన వరస, మధ్యలో ఆ విరామం, చివర ఆ ఫలితం, అన్నీ పుస్తకం రాసినాయనవే. కింద ఆయన పేరూ లేదు. పైగా ఇంకో నష్టం జరిగింది. పోగుల్ని, అంటే పత్తి పీచుని, ఆమె "దారాలు" చేసేసింది. దువ్వే వేళకి దారం ఎక్కడిది? ఇంకా వడకనే లేదు. పర్యాయపదాల వెంట పడితే ఇంతే, చెప్పే విషయం చేజారిపోతుంది. పొందూరులో పుట్టినవాళ్లెవరైనా ఆ వాక్యం చదివితే, రాసిన మనిషి రాట్నం చూడలేదనుకుంటారు.

పుస్తకం మూయించి, "నాకు నోటితో చెప్పమ్మా" అన్నాను. గడగడా చెప్పింది. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను: "పొందూరులో వడకడానికి ముందు పత్తిని దువ్వుతారు. దానికి దువ్వెన వాలుగ చేప దవడే. ఈ ఒక్క పనితో నలకా పోతుంది, పోగూ తిన్నబడుతుందని ఫలానా రచయిత వివరించారు." పక్కనే పుస్తకం పేరు, పేజీ. ఇప్పుడు మాట ఆమెది, విషయం ఎవరి దగ్గర నేర్చుకుందో అదీ ఉంది. నా మట్టుకు థీసిస్‌లో ముప్పాతిక భాగానికి ఈ పద్ధతే మేలు. ఒక్కటి మరిచిపోకూడదు: సొంత మాటల్లో రాశాం కదా అని మూలం పేరు వదిలేస్తే అదీ చౌర్యమే.

మరి కొటేషన్ గుర్తుల మధ్య అచ్చంగా ఎత్తి రాయడం తప్పా? కాదు, కొన్నిచోట్ల అదే సరైన దారి. చట్టంలోని మాట, ఒక నిర్వచనం, మీరు ఖండించబోయే అభిప్రాయం, వీటిని మీ మాటల్లోకి మారిస్తే అవతలివాళ్లకి అన్యాయం చేసినట్టు. కానీ పేజీకి మూడు ఉటంకింపులు పెట్టి మధ్యలో "అని అన్నారు", "అని తెలిపారు" అతికించుకుంటూ పోతే, వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, మొదటి ప్రశ్నే "ఇందులో మీరన్నదేమిటి?" అని వస్తుంది.

పర్సంటేజీ సంగతి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలల లోపు సరిదిద్ది ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాదిపాటు సరిదిద్దిన థీసిస్ కూడా తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. గుర్తులు పెట్టి, మూలం చెప్పి ఎత్తి రాసిన భాగాన్నీ, చివరి గ్రంథసూచినీ ఈ లెక్కలోంచి తీసేస్తారు. అందరికీ తెలిసిన సంగతులు, యాదృచ్ఛికంగా కలిసే మాటలు వరసగా పద్నాలుగు పదాల దాకా ఉన్నా లెక్కలోకి రావు. దీన్ని పట్టుకుని "పద్నాలుగు పదాల దాకా ఎత్తేసుకోవచ్చు" అని చెప్పుకుంటున్నారు పిల్లలు. అలా ఎవరూ అనుమతి ఇవ్వలేదు. గిడుగు రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారని రాయడానికి ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. ఆయన సవర భాషా కృషి మీద ఒక పరిశోధకుడు చేసిన అంచనా ఐదే పదాల్లో ఉన్నా, అది ఆ పరిశోధకుడిదే.

అసలు ఆ అంకె చూపించేది పోలికని. చౌర్యాన్ని కాదు. ఇంగ్లీషు వ్యాసాన్ని పేరాకి పేరా తెలుగులోకి దించేస్తే రిపోర్టు తెల్లగా రావచ్చు. అయినా అది చౌర్యమే. ఆ థీసిస్ రేపు శోధగంగలో, అంటే థీసిస్‌లన్నీ పెట్టే వెబ్‌సైటులో, అందరికీ కనబడేలా ఉంటుంది, రెండు భాషలూ వచ్చిన ఒక్క మనిషి చదివితే చాలు. చాట్‌బాట్‌తో తిరగరాయించుకోవడం కూడా నా లెక్కలో మాటలు మార్చడం కిందకే వస్తుంది. లేని పుస్తకాలకి పేజీ నంబర్లు కూడా ఇస్తాయవి, జాగ్రత్త.

చదువుకునే రోజుల్లో నాకూ ఈ దెబ్బ తగిలింది. నోట్సులో పుస్తకాల వాక్యాలూ నా ఆలోచనలూ ఒకే పెన్నుతో, ఒకదాని కింద ఒకటి రాసుకునేవాణ్ని. ఏడాది తర్వాత తీసి చూస్తే ఏది ఎవరిదో తెలియలేదు. బాగున్న వాక్యాలన్నీ నావే అనుకుని అధ్యాయంలోకి ఎక్కించాను. గైడ్ గారు ఒక పేరా మీద వేలు పెట్టి, అల్మారాలోంచి పుస్తకం తీసి నా ముందు తెరిచారు. ఒక్క మాట అనలేదు. అప్పటి ఆ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే చివర్లో సాఫ్ట్‌వేర్‌కి పెట్టుకోవడం మేలా, మొదట్లో నోట్సు సరిగ్గా రాసుకోవడం మేలా అంటే తడుముకోకుండా నోట్సు అనే చెబుతాను. పుస్తకంలోది ఎడమ పేజీలో, గుర్తులు పెట్టి, పేజీ నంబరుతో సహా. నా ఆలోచన కుడి పేజీలో, వేరే రంగుతో. జిరాక్స్ తీస్తే మొదటి కాగితం మీదే రచయిత పేరు, ఏడాది రాసి పెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్ వద్దనను. అజాగ్రత్తగా దాటిపోయిన నాలుగు వాక్యాలు పట్టుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

ఆ అమ్మాయి అధ్యాయంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన పేరా మాత్రం రిపోర్టులో ఏ రంగూ లేకుండా ఉంది. పొందూరులో ఒక ముసలావిడ దగ్గర రెండు పూటలు కూర్చుని విన్న సంగతులవి. మన యాసంతా తీసేసి, గ్రాంథికంగా దిద్ది, తనే కనిపెట్టినట్టు రాసుకుంది. అచ్చు కాని మాటకి పేరు పెట్టాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ మాత్రం సొంత మాటలు వద్దు, ఆవిడ అన్నది అన్నట్టే ఎత్తి రాయమన్నాను. పేరు వెయ్యొచ్చో లేదో ఆవిణ్నే అడిగి రమ్మన్నాను.

పోయిన వారం కాగితాలు మళ్లీ తెచ్చింది. గుర్తుల మధ్య ఆ ముసలావిడ మాటలు యాసతో సహా ఉన్నాయి. కింద ఫుట్‌నోట్‌లో ఊరు, మాట్లాడిన తేదీ, ఆవిడ వెయ్యమన్న ఇంటిపేరుతో సహా పూర్తి పేరు.