డబ్బా మీద 1200, ఇంట్లో 94: ఒక రౌటర్‌తో నాలుగేళ్లు

2021లో కొన్న రౌటర్ ఇది. కంపెనీ పేరు చెప్పను, ఆ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. డబ్బా మీద ఇంత లావు అక్షరాలతో ఏసీ1200 అని ఉంటే చూసి మురిసిపోయాను. దాని లెక్క తర్వాత తెలిసింది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (అంటే వైఫై వాడే రేడియో తరంగాల పట్టీలో) సెకనుకి 300 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్జ్‌లో 867, రెండూ కూడి కాస్త పైకి సర్దితే 1200. ఫోను ఒకసారి ఏదో ఒక బ్యాండ్ మీదే ఉంటుంది కాబట్టి ఆ 1200 ఎవరికీ అందదు. అన్నదమ్ములిద్దరి జీతాలూ కలిపి పెళ్లికొడుకు జీతమని చెప్పినట్టన్నమాట.

ఇంకో తిరకాసు. వైఫై 4, 5, 6 అనే పేర్లు 2018లో పెట్టారు. అంతకుముందు 802.11ఎన్, ఏసీ, ఏఎక్స్ అనేవాళ్లు. ఈ ఏసీ, అంటే వైఫై 5, పనిచేసేది 5 గిగాహెర్ట్జ్‌లోనే. 2.4కి మారితే నా రౌటర్ 2009 నాటి వైఫై 4 అయిపోతుంది.

మాది హైదరాబాద్‌లో ఫ్లాటు. రౌటర్ హాల్లో ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ హాల్లో పరుగే, రెండో గోడ దాటితే నీరసం. 2.4 బాల్కనీ దాకా వస్తుంది కానీ అక్కడ అపార్ట్‌మెంట్ మొత్తం వాళ్ల వైఫైలతో సంతే. ఆ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు, అంటే సిగ్నల్ దారులు, మూడే: 1, 6, 11. పైగా మైక్రోవేవ్ అవెన్‌దీ అదే ఫ్రీక్వెన్సీ. అమ్మ పాలు వేడిచేస్తే పక్కగదిలో నా ఆఫీసు కాల్ ఆగిపోయేది. రెండు బ్యాండ్లకీ వేరే పేర్లు పెట్టి, లాప్‌టాప్‌ని 5కి కట్టేశాక ఆ గొడవ తగ్గింది.

2023లో ఇంటర్నెట్ ప్లాను 100 మెగాబిట్ల నుంచి 200 చేయించాం. స్పీడ్ టెస్టులో 94 దాటదే! కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ "మా వైపు అంతా బాగానే ఉంది సార్". చివరికి డబ్బా వెనక సన్నక్షరాలు చదివాను: పోర్టులు (వైరు గుచ్చే చోట్లు) 10/100, అంటే మహా అయితే 100 మెగాబిట్లు. గాల్లో 867 పంపే యంత్రానికి లోపలికొచ్చే దారే 100. అందులో డేటా మోసే ప్యాకెట్ల చిరునామాలూ గట్రా పోగా మిగిలేది ఆ 94.

సర్దుకుపోయి మరో రెండేళ్లు వాడి, 2025లో గిగాబిట్ (అంటే 1000 మెగాబిట్ల) పోర్టులున్న వైఫై 6 రౌటర్ తెచ్చాను. తగిలించాను. మళ్లీ 94!

తల పట్టుకుని కూర్చున్నాక, ఫైబర్ డబ్బా నుంచి వచ్చే కేబుల్ పీకి, దాని చివరి జాక్‌ని టార్చి వెలుగులో చూశాను. ప్లాస్టిక్ లోపల ఎనిమిది గాడులు, వైర్లు మాత్రం నాలుగే. మిగతా నాలుగూ తొడుగు దగ్గరే కత్తిరించేశారు. 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. కేబుల్ లాగిన కుర్రాడు పని తొందరగా తెమల్చుకున్నాడు, అంతే. రెండు చివర్లా కొత్త జాకులు వేయించాను. స్పీడు 190 దాటింది. అంటే పాత రౌటర్‌ని నేను తిట్టిన తిట్లలో సగం ఆ వైరుకి చెందాల్సినవి.

"200 అన్నావు, 24 చూపిస్తోందేంటి?" అని మా అబ్బాయి. వాడి గేమ్ డౌన్‌లోడ్ మెగాబైట్లలో చూపిస్తుంది, ప్లాను మెగాబిట్లలో అమ్ముతారు. ఎనిమిది బిట్లు ఒక బైటు, భాగించుకోమన్నాను.

పాత రౌటర్ గురించి నిజం చెప్పాలంటే, నాలుగేళ్లలో ఒక్కసారీ చెడిపోలేదు. ఎండాకాలంలో వేడెక్కి రెండుసార్లు రీస్టార్ట్ అడిగింది. కొత్త సెక్యూరిటీ పద్ధతి డబ్ల్యూపీఏ3 దానికి లేదు, అప్‌డేట్లు రావడం కూడా ఎప్పుడో ఆగిపోయింది. 200 ప్లాను ఉన్నవాళ్లు కొనొద్దు. 100 లోపు వాళ్లకి ఇప్పటికీ ఫర్వాలేదు. నేనైతే పారేయకుండా యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (అంటే వైరులో వచ్చే నెట్‌ని వైఫైగా పంచడానికి మాత్రమే) పెట్టి, కొత్తదాన్నుంచి వైరు లాగి అమ్మ గదిలో టీవీ పక్కన పెట్టాను. ఆవిడ సీరియల్‌కి 94 ఎక్కువే.