పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్: వైఫై గురించి ముందే తెలిస్తే మంచివి

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చా అని అడుగుతూనే ఉన్నారు. లినక్స్‌లో ఒక రకమైన మింట్‌ని నేను 2022లో దాని 21వ వెర్షన్ వచ్చినప్పటి నుంచి వాడుతున్నాను, ఇప్పుడు 22లో ఉన్నాను. వేసుకోమనే చెబుతాను. బ్రౌజింగ్, తెలుగు టైపింగ్, ప్రింటర్, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు అన్నీ హాయిగా నడుస్తున్నాయి. వాటి గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు. వైఫై గురించి మాత్రం చాలా ఉంది. నాకు తెలిసినవాళ్లలో లినక్స్ వేసుకుని మళ్లీ తీసేసినవాళ్లందరూ దీంతో విసిగిపోయే తీసేశారు.

నాది తక్కువ ధర ల్యాప్‌టాప్. వైఫై చిప్ ఆర్‌టీఎల్8723బీఈ. ఇన్‌స్టాల్ అవగానే వైఫై గుర్తు వచ్చింది, పాస్‌వర్డ్ తీసుకుంది, కనెక్ట్ అయింది. మా సీతమ్మధార ఫ్లాట్‌లో రౌటర్ హాల్లో ఉంటుంది. దాని పక్కన కూర్చుంటే నెట్ వచ్చేది. పడగ్గదిలోకి వెళ్తే ఒక్క గీత, తలుపేస్తే అదీ లేదు. అదే గదిలో ఫోన్‌కి మాత్రం ఫుల్ సిగ్నల్. అంటే రౌటర్ బాగానే ఉంది, చిప్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్ కూడా ఉంది. మరి తేడా ఎక్కడ?

తేడా యాంటెనాలో ఉంది. ఈ చిప్ ఉన్న కార్డుకి యాంటెనా వైరు తగిలించడానికి రెండు చోట్లుంటాయి. కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో కంపెనీవాళ్లు ఒక్క యాంటెనాయే పెడతారు. అది ఏ చోట ఉందో లినక్స్ డ్రైవర్‌కి సరిగా తెలియకపోతే, వైరు లేని చోటు నుంచి సిగ్నల్ కోసం వెతుకుతుంది. రౌటర్ దగ్గరగా ఉంటే అలా కూడా కాస్త అందుతుంది కాబట్టి అసలు సంగతి బయటపడదు. దీనికి మందు ఒక్క వరుస. ఈటీసీ ఫోల్డర్‌లోని మోడ్‌ప్రోబ్ డాట్ డి లో ఒక చిన్న కాన్ఫ్ (సెట్టింగుల) ఫైలు పెట్టి, ఆప్షన్స్ అనే మాట, ఖాళీ, చిప్ పేరు, ఖాళీ, ఆ తర్వాత ఏఎన్‌టీ అండర్‌స్కోర్ ఎస్ఈఎల్ ఈక్వల్ టు 2 అని రాయాలి. అంతా చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. తర్వాత రీస్టార్ట్. కొన్ని మోడళ్లకు 2 బదులు 1 పనిచేస్తుంది. నా పడగ్గదిలో మైనస్ 80 డీబీఎం దగ్గర ఉన్న సిగ్నల్ మైనస్ 50కి వచ్చింది (ఈ కొలతలో సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం). మింట్ 22కి మారినా ఆ ఫైలు అలాగే ఉంది, పనిచేస్తోంది.

అయితే ఈ వరుస ఈ చిప్‌కే. వేరే చిప్ ఉన్నవాళ్లు ఇదే కాపీ కొట్టుకుంటే ఏ ఉపయోగమూ లేదు. ఏ సలహా పాటించే ముందైనా టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) ఎల్ఎస్‌పీసీఐ అని చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుసలో మీ చిప్ పేరేమిటో చూసుకోండి. నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

కాసేపు వదిలేస్తే కనెక్షన్ నెమ్మదించడం ఇంకో గొడవ. అది పవర్ సేవింగ్ వల్ల. నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ సెట్టింగుల ఫైల్లో వైఫై పవర్‌సేవ్ 3 అని ఉంటే 2 చేస్తే ఆగిపోతుంది. బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుంది, నాకు ఫర్వాలేదు.

రౌటర్‌లోని 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ నా ల్యాప్‌టాప్‌లో కనిపించదు. అది లినక్స్ తప్పు కాదు, ఈ చిప్‌కి 2.4 తప్ప రాదు. అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఇంటి రౌటరూ ఆ 2.4లోనే అరుస్తుంటుంది కాబట్టి రౌటర్ ఛానెల్‌ని 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి మార్చుకోవాలి. బ్లూటూత్ కూడా ఇదే చిప్‌లో ఉంది. పెద్ద ఫైలు దిగుతున్నప్పుడు ఇయర్‌ఫోన్స్‌లో పాట తెగుతుంది. దీనికి నాకింకా దారి దొరకలేదు.

గాజువాకలో ఉండే మా బావమరిదిది ఇంకో కథ. “ఏటి బావా, ఇందులో వైఫై అన్న మాటే లేదు!” అని ఫోన్ చేశాడు. చూస్తే బ్రాడ్‌కామ్ చిప్. దాని డ్రైవర్ విడిగా వేసుకోవాలి, వేసుకోవడానికి నెట్ కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి, ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయమన్నాను. వెంటనే నెట్ వచ్చింది, మింట్‌లోని డ్రైవర్ మేనేజర్‌లో ఆ చిప్ డ్రైవర్ కనిపించింది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్‌లో ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే మాత్రం ఇక్కడ జాగ్రత్త. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వస్తుంది. అక్కడ కంటిన్యూ బూట్ నొక్కితే డ్రైవర్ లోడ్ కాదు. డ్రైవర్ సంతకాన్ని నమ్మమని చెప్పే ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి.

ఇన్‌స్టాల్ చేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌లో, అంటే ల్యాప్‌టాప్‌లో వేయకుండానే, నడిపి చూడమంటారు. మంచి మాటే. కానీ వైఫై పేర్లు కనిపించాయి కదా అని ఆగకండి. రౌటర్‌కి దూరంగా ఉన్న గదిలో కూర్చుని ఒక పెద్ద ఫైలు దింపి చూడండి. నా యాంటెనా సమస్య అలా చూసి ఉంటే మొదటిరోజే తెలిసిపోయేది.

ఇవేవీ కుదరకపోతే యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనుక్కోవచ్చు. షాపులో ‘లినక్స్‌కి పనిచేస్తుందా’ అని కాకుండా లోపల ఏ చిప్ ఉందని అడగండి. ఒకే మోడల్ పేరుతో వెర్షన్ మారితే చిప్ కూడా మారిపోవచ్చు. ఎంటీ7601యూ, ఎంటీ7612యూ చిప్‌లకు డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లోనే (దాని అసలు గుండెలోనే) ఉంది, పెట్టగానే పనిచేస్తాయి. మొదటిది 2.4కే, రెండోది 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టుకుంటుంది.