పడవ మోటారు కోసం అలెప్పీ దాకా

ఆకివీడు దగ్గర మా చేపల చెరువులో మేత పడవ ఇప్పటికీ గెడకర్ర మీదే నడుస్తోంది. తవుడు బస్తాలు, ఇద్దరు మనుషులు ఎక్కితే 600 కిలోలు. గెడ వేసే మనిషి దొరకడమే కష్టమైపోయి, బ్యాటరీతో నడిచే ట్రోలింగ్ మోటారు పెడదామనుకున్నాం. బాబాయ్ షరతు ఒక్కటే: "సాయంత్రం విప్పి ఇంటికి తెచ్చుకోవాలి రా. గట్టు మీద వదిలేస్తే తెల్లారేసరికి బిగించిన పలక మాత్రమే మిగులుతుంది."

అలాంటివి వాడేవాళ్ళ దగ్గరే చూసి కొందామని కేరళలోని అలెప్పీకి, విజయవాడలో ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. హౌస్‌బోట్ జోలికి పోలేదు, మా పని అది కాదు. కాలువ పక్కన హోమ్‌స్టేలో రోజుకి 1,400. గది శుభ్రం, దోమలు మాత్రం మన కొల్లేరు దోమలకి అన్నలు. పొద్దున్నే ఆ ఇంటావిడ "కప్ప, చేపల కూర" అనగానే బాబాయ్ ముఖం చూడాలి. కర్రపెండలాన్ని అక్కడ కప్ప అంటారు!

ఆ ఇంటాయనే తెలిసినవాళ్ళ పడవ చూపించాడు. 12 వోల్టుల, 55 పౌండ్ల తోపు (పడవని నెట్టే బలం) ఉన్న మిన్ కోటా కంపెనీ మోటారు. వెనక పలకకి రెండు మరలతో పట్టేస్తుంది, నిమిషంలో చేతికొస్తుంది. వంద పౌండ్ల బరువుకి రెండు పౌండ్ల తోపు కావాలంటారు. ఆ లెక్కన మాకు 27 చాలు, కానీ ఎదురుగాలి ఆ లెక్క వినదు కదా. గుర్రపుడెక్క చుట్టుకున్నప్పుడు ఆయన మోటారు పైకి వాల్చి, చేత్తో పీకేసి, మళ్ళీ దించాడు. అది నాకు బాగా నచ్చింది.

అసలు తంటా బ్యాటరీతో. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే పట్టే కరెంటు లెక్క) లెడ్ బ్యాటరీ దాదాపు 28 కిలోలు. ఫుల్ స్పీడులో మోటారు 50 ఆంపియర్ల దాకా లాగుతుంది, సగానికి మించి వాడకూడదు కాబట్టి గంటే లెక్క. బాబాయ్ దాన్ని ఒడ్డుకి మోసి, నడుము పట్టుకుని కూర్చుండిపోయాడు. మోటారు ఎంత తేలిగ్గా ఊడితే మాత్రం ఏం లాభం?

ఇంకోచోట టార్కీడో ట్రావెల్ అనే ఇంకో రకం మోటారు చూశాం. బ్యాటరీ మోటారు నెత్తినే ఉంటుంది, ఊడదీస్తే ఆ బ్యాటరీ సుమారు 6 కిలోలు. ముచ్చటేసింది. ధర విన్నాక తవుడు బస్తాలు గుర్తొచ్చాయి.

మధ్యలో తవణక్కడవు నుంచి వైకోమ్‌కి 'ఆదిత్య' ఎక్కాం. 2017లో మొదలైన, 75 మంది పట్టే సోలార్ ఫెర్రీ. "ఇంకా బయల్దేరలేదేంట్రా?" అన్నాడు బాబాయ్, చప్పుడే లేదు మరి, అప్పటికి ఒడ్డు వెనకబడిపోయింది. దగ్గర్లోనే ఉప్పునీటిని ఆపే అడ్డుకట్ట, తణ్ణీర్‌ముక్కం బండ్: వేసవిలో దానికి దక్షిణాన మంచినీళ్ళు, ఉత్తరాన ఉప్పు. మంచినీళ్ళ మోటారు ఉప్పులో వాడితే తుప్పే. ఉప్పుటేరు నీళ్ళు పెట్టే మా రొయ్యల చెరువుకి ఇది తీసుకెళ్ళకూడదని అక్కడే తేలిపోయింది.

ఎర్నాకుళంలో ఒక షాపు మాత్రం దండగ. డెమో మోటారు మరలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ప్రొపెల్లర్ పిన్ను విరిగితే దొరుకుతుందా అంటే "ఆన్‌లైన్‌లో చూసుకోండి" అన్నాడు. నీళ్ళలో పెట్టి చూపించమంటే నవ్వాడు.

చివరికి 55 పౌండ్లదే, 12 కిలోల లోపు లిథియం బ్యాటరీతో, లాగితే ఊడే ప్లగ్గుతో తీసుకుందామనుకున్నాం. తెచ్చేలోపు పడవ వెనక పలక మందం చేయించాలి. వడ్రంగి సోమవారం వస్తానన్నాడు, ఈలోపు గెడకర్రే.