టిక్కా టీ3ఎక్స్ లైట్: ఇంట్లో ఎంత తేలిక చేయొచ్చు, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు

కొండల్లో వేటకు రైఫిల్ తేలిక చేసుకోవాలంటే ముందు వంటింటి కాటా తెచ్చుకోండి. టీ3ఎక్స్ లైట్ పెట్టెలోంచి తీసినప్పుడు క్యాలిబర్‌ను (తూటా సైజును) బట్టి 2.8 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. కానీ భుజాన పడేది ఆ బరువొక్కటే కాదు. 50 మిల్లీమీటర్ల అద్దం, 30 మిల్లీమీటర్ల గొట్టం ఉన్న స్కోప్ తేలిగ్గా 600 గ్రాములుంటుంది. ఉక్కు రింగులూ బేసులూ 150, భుజానికి తగిలించుకునే మెత్త పెట్టిన వెడల్పాటి పట్టీ (స్లింగ్) 100, మ్యాగజైన్‌లో మూడు తూటాలు 70. అన్నీ కలిపితే 3.7 కిలోలు దాటుతుంది.

ఇప్పుడు రైఫిల్‌ను ముట్టుకోకుండా లెక్క మారుద్దాం. 36 మిల్లీమీటర్ల అద్దం, 25 మిల్లీమీటర్ల గొట్టం ఉన్న మంచి స్కోప్ 320 గ్రాముల దగ్గర దొరుకుతుంది. బోల్టు నడిచే ఉక్కు పెట్టె, అంటే రిసీవర్, దాని పైనున్న రైలుకే నేరుగా బిగిసే అల్యూమినియం రింగులు 80 గ్రాములు. సన్నటి నైలాన్ స్లింగ్ 50. ఇక్కడికే 400 గ్రాములు పోయాయి. ఒక్క స్క్రూ విప్పి మళ్లీ పెట్టుకోగలిగినవాళ్లెవరైనా చేయగల పని ఇది. మార్పులన్నిటిలోకీ లాభం ఎక్కువ, ప్రమాదం తక్కువ ఉన్నది ఇదే. అయినా చాలామంది దీన్ని చివరికి వదిలేసి, మొదటే బ్యారెల్ కోయించాలని చూస్తారు.

ఇలాంటి పనికి టీ3ఎక్స్ బాగా ఒదుగుతుంది. ఫిన్లాండ్‌లోని రీహిమాకిలో సాకో తయారుచేసే రైఫిల్ ఇది. 2003లో వచ్చిన టీ3కి 2016లో కొన్ని సవరణలు చేసి టీ3ఎక్స్‌గా తెచ్చారు. ఆ సవరణల్లో బయటికి కనిపించనిదే మనకు ముఖ్యం: రీకాయిల్ లగ్, అంటే పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే తన్నును రిసీవర్ నుంచి స్టాక్‌కు (చేత్తో పట్టి భుజానికి ఆనించే భాగానికి) అందించే ముక్క. రెమింగ్టన్ 700 లాంటి వాటిలో లగ్ రిసీవర్‌కు అంటుకుని ఉండి స్టాక్‌లోకి దిగుతుంది. టిక్కాలో అది తలకిందులు. లగ్ స్టాక్‌లో ఉంటుంది, రిసీవర్ అడుగున ఒక గాడి ఉంటుంది, ఆ గాడిలోకి లగ్ కూర్చుంటుంది. పాత టీ3లో ఈ లగ్ అల్యూమినియంతో ఉండేది. పెద్ద క్యాలిబర్ల తన్నుకు దాని అంచు నలిగి, రిసీవర్ గాడిలో సందు ఏర్పడి, ఒకే చోట పడాల్సిన గుళ్లు చెదిరేవి. టీ3ఎక్స్‌లో ఉక్కు లగ్ పెట్టారు. పాత టీ3 చేతిలో ఉన్నవాళ్లు అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఈ ముక్క మార్చడం. బరువు ఓ నాలుగు గ్రాములు పెరిగినా పర్వాలేదు.

తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టు తెరవడానికి పిడి 70 డిగ్రీలే లేస్తుంది కాబట్టి స్కోప్‌ను కిందికి, రిసీవర్‌కు దగ్గరగా బిగించుకోవచ్చు. పొట్టి రింగులు సరిపోతాయి, బరువూ తగ్గుతుంది, చెంప కూడా స్టాక్ మీద సరిగ్గా ఆనుతుంది. రింగులు కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: అడుగున రీకాయిల్ పిన్ ఉన్నవే కావాలి. ఆ పిన్ రిసీవర్ పైనున్న గుంటలో కూర్చోవాలి. 17 మిల్లీమీటర్ల నునుపు రైలు మీద కేవలం బిగింపు బలంతో నిలిచే రింగులు తేలికపాటి రైఫిల్ తన్నుకు వెంట్రుకంత వెంట్రుకంత ముందుకు జారతాయి. జారిందని కంటికి తెలియదు, గురి మాత్రం రోజుకో చోట పడుతుంది.

బిగించే ముందు స్క్రూలకూ వాటి కన్నాలకూ ఉన్న నూనెను స్పిరిట్‌తో తుడిచేయండి. రింగు పై మూతల స్క్రూలకు టార్క్ రెంచ్‌తో 15 నుంచి 18 ఇంచ్ పౌండ్లు, అంటే దాదాపు 2 న్యూటన్ మీటర్లు చాలు. ఎదురెదురు మూలల నుంచి కొద్దికొద్దిగా తిప్పుతూ, రెండు వైపులా సందు సమానంగా ఉండేలా రావాలి. పలచని గొట్టం ఉన్న తేలిక స్కోప్‌ను బలం కొద్దీ బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి లోపలి సర్దుబాటు పట్టేస్తుంది. గురి సరిచేసేటప్పుడు గుండీ తిప్పినా తూటా పడే చోటు కదలకపోవడం, రెండు మూడు గుళ్ల తర్వాత ఒక్కసారిగా గెంతడం దాని గుర్తు.

ఇక స్టాక్. ఫ్యాక్టరీ స్టాక్ గాజు పీచు కలిపిన పాలీప్రొపిలీన్. బలమైనదే, తడికి ఉబ్బదు, లోపలి నురుగు ముక్క వల్ల పొదలకు తగిలినా డబ్బాలా మోగదు. లోపమంతా ముందు భాగంలోనే. పైకి తెరిచిన తొట్టిలా ఉండే ఆ భాగం బైపాడ్ (రెండు కాళ్ల ఊత) మీద ఒరిగినా, స్లింగ్‌తో గట్టిగా లాగినా వంగి బ్యారెల్‌ను తాకుతుంది. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, బోల్టు తీసేసి, పలచని కాగితాన్ని బ్యారెల్ కిందుగా ముందు నుంచి రిసీవర్ దాకా నడపండి. మామూలుగా జారుతుంది. ఇప్పుడు స్టాక్ ముందు భాగాన్ని చేత్తో పైకి నొక్కి మళ్లీ నడపండి. కాగితం ఎక్కడ ఆగితే అక్కడే గొడవ.

దీనికి కార్బన్ స్టాక్ ఒక మందు. మంచివి 550 నుంచి 700 గ్రాముల మధ్య ఉంటాయి. ఫ్యాక్టరీది విప్పి కాటా మీద పెడితే తేడా తెలిసిపోతుంది. తరచూ 200 నుంచి 250 గ్రాములు కలిసొస్తుంది, ముందు భాగం రాయిలా నిలబడుతుంది. ఖర్చు మాత్రం రైఫిల్ ధరకు దగ్గరగా పోతుంది. అంత పెట్టలేనివాళ్లకు రెండో మందు ఉంది: రెండు కార్బన్ బాణం కర్రలను తొట్టి పొడవుకు కోసి, లోపల పక్కపక్కనే పెట్టి ఎపాక్సీతో పట్టించడం. 40 గ్రాములు పెరుగుతాయి, గట్టిదనం మాత్రం బాగా తేడా వస్తుంది.

ఇక్కడే ఎక్కువమంది పని చెడగొట్టుకుంటారు. పాలీప్రొపిలీన్‌కు ఎపాక్సీ అంటదు. నునుపు గోడకు పూసిన జిగురు ఆరాక గట్టిగానే కనిపిస్తుంది, మొదటి చలికాలంలో బిళ్లలా ఊడి వస్తుంది. కాబట్టి లోపలి గోడలను 60 నంబరు గరుకు కాగితంతో రాపాడించి, 3 మిల్లీమీటర్ల డ్రిల్‌తో పక్క గోడల్లో, అడ్డు దూలాల్లో ఏటవాలుగా లోతు తక్కువ గుంటలు వేయాలి. జిగురు ఆ గుంటల్లోకి దిగి మేకులా పట్టుకుంటుంది. గుంట బయటి వైపుకు పొడుచుకు రాకుండా డ్రిల్ బిట్‌కు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. ఎపాక్సీ నింపేటప్పుడు బ్యారెల్‌కు చుట్టూ కనీసం ఒకటిన్నర మిల్లీమీటరు సందు మిగలాలి. కావాలంటే బ్యారెల్‌కు అంత మందం వచ్చేదాకా టేపు చుట్టి చూసుకోండి.

కార్బన్ స్టాక్ తెచ్చుకున్నవాళ్లకు బెడ్డింగ్, అంటే రిసీవర్ సరిగ్గా కూర్చునేలా దాని కింద ఎపాక్సీతో అచ్చు పోయడం, తప్పదు. డబ్బాలోంచి తీసి బిగిస్తే సరిగ్గా కూర్చున్నట్టే ఉంటుంది. కూర్చుందో లేదో చూసే పరీక్ష ఒకటుంది. రిసీవర్‌ను స్టాక్‌కు పట్టే రెండు స్క్రూలూ బిగించి రైఫిల్‌ను నిటారుగా నిలబెట్టండి. బొటనవేలు, చూపుడు వేలు బ్యారెల్‌కూ స్టాక్ కొనకూ ఒకేసారి తగిలేలా పట్టుకుని, రెండో చేత్తో ముందు స్క్రూ మెల్లగా వదులు చేయండి. వేళ్ల కింద బ్యారెల్ కదిలినట్టు తెలిస్తే రిసీవర్‌ను స్టాక్ వంచుతోందన్నమాట. డయల్ గేజ్ ఉంటే 0.05 మిల్లీమీటర్లకు మించి ముల్లు కదలకూడదు. తర్వాత వెనక స్క్రూతో కూడా ఇదే చేయండి.

బెడ్డింగ్‌కు ఉక్కు పొడి కలిసిన ఎపాక్సీ పుట్టీ వాడండి, నీళ్లలా కారేది వద్దు. లగ్ చుట్టూ, వెనక భాగం కింద మాత్రమే వేస్తే 30 గ్రాముల్లో పని అయిపోతుంది. తొట్టంతా నింపేస్తే స్టాక్‌లో మిగిల్చిన బరువంతా తిరిగొస్తుంది. ట్రిగ్గర్ విప్పేసి, మ్యాగజైన్ కన్నాన్నీ స్క్రూ కన్నాలనూ బొమ్మలు చేసే మట్టితో మూసేయండి. రిసీవర్‌కు, స్క్రూలకు రిలీజ్ ఏజెంట్ (జిగురు అంటకుండా చేసే ద్రవం) రెండు పూతలు పూయండి. టిక్కాలో అదనంగా ఒక జాగ్రత్త: రిసీవర్ అడుగునున్న లగ్ గాడి. లగ్‌ను స్టాక్‌లో పాతుకునేలా పుట్టీ వేయాలి గానీ గాడి మూలల్లోకి పుట్టీ పొంగితే రిసీవర్ తాళం వేసినట్టు బిగుసుకుపోతుంది. గాడి లోపలా రిలీజ్ పూత పడాలి, లగ్ వెనక ముఖానికీ పక్కలకూ ఒక వరస టేపు అంటించాలి. తన్ను ఆపే ముందు ముఖానికి టేపు వద్దు, అక్కడ లోహం లోహానికి ఆనాలి. ఆరేటప్పుడు స్క్రూలను బలంగా బిగించకండి. అలా బిగిస్తే వంగిన రిసీవరే అచ్చుగా మారుతుంది. వేళ్లతో తిప్పినంత బిగింపు చాలు. 24 గంటలు ఆగాక విప్పండి.

ఆ తర్వాత బిగింపు ఎంతో స్టాక్ చేసినవాళ్లు రాసిందే పాటించండి. స్క్రూ కన్నాల్లో అల్యూమినియం గొట్టపు ముక్కలు (పిల్లర్లు) ఉన్న స్టాక్‌లకు సాధారణంగా 65 ఇంచ్ పౌండ్ల దాకా పోతారు. పిల్లర్లు లేని ప్లాస్టిక్‌కు అంత పెడితే ప్లాస్టిక్ నలిగి, వారం తిరిగేసరికి అదే స్క్రూ వదులై ఉంటుంది.

బ్యారెల్ కోయించడం గురించి లెక్క చెబుతాను. మూతి దగ్గర 15 మిల్లీమీటర్ల మందం ఉన్న .308 క్యాలిబర్ బ్యారెల్‌లో ఒక అంగుళం ఉక్కు 26 గ్రాములే. రెండంగుళాలు కోస్తే 52 గ్రాములు, అంటే రెండు తూటాల బరువు. దానికి బదులు తూటా వేగం అంగుళానికి సెకనుకు 20, 25 అడుగుల దాకా పోతుంది, పేలుడు మోత చెవికి దగ్గరవుతుంది, మూతి తేలికై గురిపెట్టినప్పుడు వణుకు పెరుగుతుంది. పైగా అది లైసెన్సున్న తుపాకీ పనివాళ్లు చేయాల్సిన పని. బ్యారెల్ కనీస పొడవుకు చట్టం హద్దులు పెట్టిన చోట్లూ ఉన్నాయి. బరువు కోసం తూటాలు తగ్గించుకోండి: .308 తూటా ఒక్కోటి 24 గ్రాములు, ఇరవై మోసేచోట పది మోస్తే 240 గ్రాములు, కార్బన్ స్టాక్‌తో మిగిలేదంత.

రిసీవర్, బోల్టు లగ్గుల (బోల్టును తాళంలా పట్టి ఉంచే పళ్ల) దగ్గర ఇంట్లో రాపాడించడం, డ్రిల్ వేయడం అసలు తలపెట్టకండి. .308 తూటా పేలే గదిలో ఒత్తిడికి పెట్టిన గరిష్ఠ హద్దు 415 మెగాపాస్కల్స్. దాన్ని మీ ముఖానికి కొద్ది అంగుళాల దూరంలో ఆపేది ఆ రెండు లగ్గులే.

తేలిక అంటూ అమ్మేవాటిలో బరువు పెంచేవీ ఉన్నాయి. ప్లాస్టిక్ ట్రిగ్గర్ గార్డు తీసి లోహంది పెట్టడం, స్కోప్ బిగించే పొడవాటి గాళ్ల పట్టీ (పికాటిన్నీ రైలు), పది తూటాల మ్యాగజైన్, ఈ మూడూ చూడ్డానికి బాగుంటాయి, మోయడానికి బాగుండవు. మూడు తూటాల ప్లాస్టిక్ మ్యాగజైన్ ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది, దాన్ని అలాగే ఉంచండి. ట్రిగ్గర్ కూడా అంతే. 1 నుంచి 2 కిలోల మధ్య స్క్రూతోనే సర్దుకోవచ్చు, స్ప్రింగ్ మార్చనక్కర్లేదు. చలికి చేతి తొడుగు వేసుకునే వేటలో 1.3, 1.4 కిలోల దగ్గర ఆపడం మంచిది. సర్దాక, ఖాళీ రైఫిల్‌లో బోల్టును పదిసార్లు విసురుగా మూసి, ట్రిగ్గర్ నొక్కకుండానే కాక్ జారి సూది వదిలిపోవడం లేదని చూసుకోవాలి. ఒక్కసారి జారినా వెనక్కి బిగించాలి.

తన్ను సంగతి ముందే ఆలోచించి క్యాలిబర్ ఎంచుకోండి. 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో దాదాపు పదిహేనో వంతు) .308 తూటా 3.4 కిలోల రైఫిల్‌ను దాదాపు 20 జౌల్స్ శక్తితో తంతుంది. అదే తూటా 2.6 కిలోలకు దిగితే 27 జౌల్స్. అదే బరువులో 140 గ్రెయిన్ల 6.5 క్రీడ్‌మోర్ 22 దగ్గర ఆగుతుంది, 7 మిల్లీమీటర్ల రెమింగ్టన్ మాగ్నమ్ 40కి చేరువవుతుంది. కళ్లు మూసి ట్రిగ్గర్ నొక్కడం మొదలైతే ఇన్ని గ్రాములు తీసిన శ్రమా వృథానే. మూతికి బిగించి పేలుడు వాయువును పక్కలకు తిప్పే మజిల్ బ్రేక్ తన్ను తగ్గిస్తుంది కానీ పక్కనున్నవాళ్ల చెవులు పాడుచేస్తుంది, 80 గ్రాములు తిరిగి మూతికి తగిలిస్తుంది. తేలిక చేయదలచిన రైఫిల్‌కు నా ఎంపిక 6.5 క్రీడ్‌మోరే.

అన్నీ అయ్యాక పరీక్షలో తొందరపడకండి. సన్న బ్యారెల్ మూడో గుండుకే వేడెక్కుతుంది. ఐదేసి గుళ్లు వరసగా కాల్చి చివరి రెండూ పక్కకు పోయాయని స్కోప్‌ను తప్పుపట్టడం అనవసరం. గురి సరిచేశాక, ఒకే కాగితం మీద రోజుకు ఒక్క గుండు, చల్లటి బ్యారెల్‌తో, 100 మీటర్ల నుంచి, ఐదు రోజులు. వేటలో వదిలేది కూడా ఆ మొదటి గుండే. ఐదు చిల్లులూ 4 సెంటీమీటర్ల వలయంలో పడితే బెడ్డింగ్, రింగులు, లగ్ అన్నీ సరిగ్గా కూర్చున్నట్టే. చిల్లులు ఒకే వైపుకు రోజురోజుకూ నడుస్తుంటే రింగుల పిన్ చూడండి, ఎటుపడితే అటు చెదిరితే ముందు స్క్రూ దగ్గర వేళ్ల పరీక్ష మళ్లీ చేయండి.